మా ఆఫీసు బుచ్చయ్యగారు

పోయిన డిసెంబర్‌లో జపాన్ నుంచి నాకొక పోస్టుకార్డు వచ్చింది. చుట్టూ సన్నటి బూడిదరంగు గీత, మధ్యలో నాకు తెలియని లిపి, అడుగున ఎవరో ఓపిగ్గా ఇంగ్లీషులో రాసిన నాలుగు వాక్యాలు. రాసింది నా పాత ఆఫీసు పెద్దాయన కూతురు.

"మా నాన్నగారు అక్టోబర్‌లో కన్నుమూశారు. మేం సంతాపంలో ఉన్నందువల్ల ఈసారి మీకు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపలేకపోతున్నాం. దయచేసి మన్నించండి. మీ అమ్మగారు పెట్టిన చింతపండు సూపు గురించి ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నారు."

వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లు తడిశాయి. రెండోసారి నవ్వొచ్చింది. ఉత్తరం రాయలేకపోతున్నందుకు క్షమించమంటూ ఉత్తరం రాయడం వాళ్ల దేశంలో ఆచారమేనట, ఆ తర్వాత తెలిసింది. ఆచారం మాటెలా ఉన్నా, ఆయన పేరు మీద రావాల్సిన చివరి కార్డు అలా ఉండటమే న్యాయం అనిపించింది.

ఆయన దగ్గర నేను పనిచేసింది రెండేళ్లు. మేం అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో అద్దెకున్న రోజులవి. ఒక జపాన్ కంపెనీ అమెరికా ఆఫీసులో కాంట్రాక్టు మీద ప్రోగ్రామర్‌గా చేరాను. ఆ కంపెనీ ఫోటోకాపీ మిషన్లు తయారుచేసేది. ఆ మిషన్లకు కావలసిన విడిభాగాలను ఇక్కడి చిన్న చిన్న ఫ్యాక్టరీల దగ్గర కొనడం మా ఆఫీసు పని. ఆ కొనుగోళ్లన్నిటికీ ఆయన పెద్ద. అరవైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, పొట్టిగా, వారమంతా ఒకేలాంటి బూడిదరంగు సూట్లో ఉండేవారు. ఆఫీసులోకి రాగానే బూట్లు విప్పి బల్ల కింద పెట్టి, గుడ్డ చెప్పులు తొడుక్కునేవారు.

అందరూ ఆయన్ని 'బుచో' అనేవారు. రెండు నెలలపాటు అదే ఆయన పేరనుకున్నాను. మెయిల్ రాసిన ప్రతిసారీ 'డియర్ మిస్టర్ బుచో' అని శ్రద్ధగా మొదలుపెట్టేదాన్ని. బుచో అంటే విభాగానికి పెద్ద అని, అది హోదా తప్ప పేరు కాదని ఒకరోజు రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. పరిగెత్తుకెళ్లి సారీ చెప్పాను.

"ఫర్వాలేదు, పదోమా-సాన్," అన్నారాయన. నా పేరు పద్మ, సాన్ అంటే మన 'గారు'. దానికంటే దగ్గరగా ఆయన ఎన్నడూ రాలేకపోయారు. "నా అసలు పేరు మా ఆవిడకే అంత గుర్తుండదు. నేను ఇంట్లో ఉండేది తక్కువ."

ఈ సంగతి ఫోన్లో చెబితే తెనాలిలో ఉన్న మా అమ్మ ఆ పేరును వెంటనే మన దారిలోకి తెచ్చేసింది. "ఏమే, మీ బుచ్చయ్యగారు బావున్నారా?" అని అడగడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆయన బుచ్చయ్యగారే.

బుచ్చయ్యగారు ఫోన్లో మాట్లాడుతూ కూడా వంగి నమస్కారం పెట్టేవారు. ఎంత వంగారో చూసి అవతల ఎవరో నేను చెప్పగలిగేదాన్ని. మెడ వరకే వంగితే సరుకు పంపేవాళ్లు. నడుం వంగితే టోక్యో. ఒకసారి అవతలున్నది మరీ పెద్దవాళ్లయి ఉండాలి, నుదురు వెళ్లి కీబోర్డుకు తగిలింది. ఆయన నాకు రాస్తున్న మెయిల్‌లో ఒక వరసంతా ఇంగ్లీషు 'జి' అక్షరాలే పడ్డాయి. వాటిని చెరపకుండానే పంపారు.

ఆయన నోటినుంచి 'కాదు' అన్న మాట నేను వినలేదు. దానికి బదులు పళ్ల మధ్యనుంచి గాలి లోపలికి పీల్చేవారు. 'స్స్' అని పొట్టిగా పీలిస్తే కష్టం. 'స్స్స్స్' అని సాగదీస్తే అసాధ్యం. ఇది అర్థం కాని అమెరికన్లు, పాపం, మీటింగు బాగా జరిగిందనుకుని సంతోషంగా వెళ్లిపోయేవారు.

నాకిచ్చిన మొదటి పని, కాగితం మీద జరిగే అనుమతులను కంప్యూటర్‌లోకి మార్చడం. వాళ్ల దగ్గర ఒక బల్ల కొనాలన్నా కాగితం ఎనిమిదిమంది చేతులు మారాలి, ఒక్కొక్కరూ తమ పేరున్న చిన్న ఎర్రటి ముద్ర వేయాలి. నేను స్క్రీన్ మీద ఎనిమిది గడులు గీసి, నొక్కితే ఎర్రటి ముద్ర పడేలా చేశాను. బుచ్చయ్యగారు వచ్చి చూశారు. 'స్స్' అన్నారు.

"ఏమైంది సర్?"

"నా ముద్ర నిటారుగా ఉంది."

"నిటారుగా ఉండకూడదా?"

"పక్క గడి ప్రెసిడెంటుగారిది. నా ముద్ర కొంచెం ఆయన వైపు ఒరగాలి. వంగి నమస్కారం చేస్తున్నట్టు."

"ఎంత ఒరగాలి?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "గౌరవం కనిపించాలి. పడిపోతున్నట్టు ఉండకూడదు."

పదిహేను డిగ్రీల దగ్గర ఒప్పందానికొచ్చాం. నా ఉద్యోగ జీవితంలో మర్యాద కోసం కోడ్ రాసింది ఆ ఒక్కసారే.

ఇంకోటి బీరు. జపాన్‌లో పెద్ద కంపెనీలు గుంపులు గుంపులుగా ఉంటాయని, ఒక్కో గుంపుకూ నడిమధ్య ఒక బ్యాంకు, దాని చుట్టూ ఇనుము, ఓడలు, గాజు, బీమా, ఆఖరికి బీరుతో సహా అన్నీ ఉంటాయని ఆయనే చెప్పారు. ఒక గుంపులో పుట్టినవాడు ఇంకో గుంపు బీరు ముట్టుకోడు. ఎవరినైనా డిన్నర్‌కి పిలిస్తే, ముందుగా రెస్టారెంటుకి ఫోన్ చేసి ఏ బీరు ఉందో కనుక్కునేవారు. లేకపోతే రెస్టారెంటే మార్చేవారు. తినేదేమిటో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మా అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు ఒక ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాం. గుమ్మంలో బూట్లు విప్పి, వాటి ముక్కులు తలుపువైపు తిప్పి పెట్టి వచ్చారు. అమ్మకు అక్కడే నచ్చేశారు. చారు గిన్నె రెండు చేతులతో ఎత్తి, నోటి దగ్గర పెట్టుకుని, పెద్ద చప్పుడుతో జుర్రారు.

"చూశావా?" అంది అమ్మ నాతో. "మీరూ ఉన్నారు, మందు తాగినట్టు స్పూన్‌తో."

మాటల్లో ఈ గుంపుల సంగతి, బీరు సంగతి అమ్మకి చెప్పాను. అమ్మ ఆయనకి ఇంకో గరిటె చారు పోస్తూ అంది: "అంటే సరుకులు మనవాళ్ల కొట్లోనే కొనడం. అంతేగా. దానికింత కథెందుకు?"

ఇంగ్లీషులో చెప్పాను. ఆయన గిన్నె కింద పెట్టి, అమ్మకి నడుం దాకా వంగి నమస్కారం చేశారు. "ముప్ఫై ఏళ్లుగా అమెరికన్లకి ఈ మాట చెప్పాలని చూస్తున్నాను," అన్నారు. "పవర్‌పాయింట్‌తో."

ఆ తర్వాత కొన్నాళ్లకే పరిస్థితి మారింది. వాళ్ల గుంపు నడిమధ్య ఉన్న బ్యాంకు వెళ్లి, పోటీ గుంపు బ్యాంకుతో కలిసిపోయింది. "ఇప్పుడు ఏ బీరు తాగాలి సర్?" అని అడిగాను. "టోక్యో నుంచి ఇంకా సర్క్యులర్ రాలేదు," అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

సర్క్యులర్‌కి బదులు కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. నలభై రెండేళ్లవాడు, ఇక్కడే ఎంబీయే చదివాడు. గోడ మీద 'ఎంచుకో, కుదించు' అని పెద్ద అక్షరాలతో పోస్టరు పెట్టించాడు. మాకు సరుకిచ్చే ఫ్యాక్టరీల్లో మూడోవంతే మిగలాలన్నాడు. ధర, టైముకి పంపడం, లోపాలు, ఈ మూడింటినీ బట్టి ఒక్కో ఫ్యాక్టరీకి నూటికి మార్కులు వేసే ప్రోగ్రాము రాయమని నాకు చెప్పాడు. అరవై రానివాళ్లకు, ఇక మీ సరుకు వద్దని ఉత్తరం వెళ్తుంది.

బుచ్చయ్యగారు కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. "ఇంకో గడి కావాలి, పదోమా-సాన్."

"దేనికి సర్?"

"వాళ్లు మనకేం చేశారో రాయడానికి."

'రిమార్క్స్' అని నలభై అక్షరాలు పట్టే గడి ఒకటి పెట్టాను. మర్నాడు చూస్తే అందులో 'మంచు తుపాను. మా ట్రక్కు ఆగిపోయింది. సొ' అని ఉంది. అక్కడితో చోటు అయిపోయింది. రెండొందలకు పెంచాను. చాలలేదు. నాలుగొందలు చేశాను. ఆయన వారం రోజులు తలెత్తకుండా, రెండు వేళ్లతో టైపు చేస్తూ ప్రతి ఫ్యాక్టరీ గురించీ రాశారు.

నాకు తెలిసిన సంగతి ఒకటి ఆయనకి చెప్పలేదు. ప్రెసిడెంటు చూసే రిపోర్టులో ఆ గడి రాదు. మార్కులే వస్తాయి. చివరికి ఉండబట్టలేక చెప్పేశాను.

"తెలుసు," అన్నారు టైపు ఆపకుండా. "అయినా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

అరవై రానివాళ్లలో వాల్ట్ ఒకడు, యాభై ఎనిమిది వచ్చాయి. పెన్సిల్వేనియాలో చిన్న ఊళ్లో అతనికి రబ్బరు రోలర్లు చేసే ఫ్యాక్టరీ ఉంది. కాపీ మిషన్లో కాగితాన్ని ముందుకు లాగేవి ఆ రోలర్లే. మా కంపెనీ అమెరికాలో అడుగుపెట్టిన రోజునుంచీ అతనే ఇస్తున్నాడు. వాల్ట్‌కి ఉత్తరం పంపమన్నాడు ప్రెసిడెంటు. బుచ్చయ్యగారు గట్టిగా గాలి పీల్చి, వెళ్లి చెప్పి వస్తానన్నారు. ఆయన కారు నడపరు. వచ్చిన కొత్తలో ఒకసారి ఎడమవైపున నడిపి, ఎవరూ అడక్కుండానే లైసెన్స్ తిరిగిచ్చేశారట. కాబట్టి నేను తీసుకెళ్లాలి.

ప్రింట్ తీసిన మ్యాపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "ఇంకో ఆరు మైళ్ల తర్వాత, దయచేసి, కుడివైపు," అంటూ దారి చెప్పారు. వాల్ట్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. ఆరడుగుల పైన ఉంటాడు, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, నెత్తిమీద నూనె మరకల టోపీ. బుచ్చయ్యగారిని కౌగలించుకుని బూట్లతో సహా గాల్లోకి లేపాడు. ఎప్పుడొచ్చినా ఇంతేనట. కొత్తగా కొన్న మిషన్ చూపించాడు. శాండ్‌విచ్‌లు పెట్టాడు. వచ్చేటప్పుడు ఒక సంచీడు మొక్కజొన్న కంకులు కార్లో పడేశాడు.

"చెప్పలేదేం సర్?" అన్నాను హైవే ఎక్కాక.

"ఇవాళ కుదరదు. కొత్త మిషన్ కొన్నాడు."

పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. వాల్ట్ కూతురికి పెళ్లి కుదిరింది. ఆ ఆనందంలో మా ఇద్దరికీ చెరో జామ్ సీసా ఇచ్చాడు. తిరిగొస్తుంటే నేనేమీ అడగలేదు. ఆయనే అన్నారు: "ఇవాళ మరీ కుదరదు."

అక్కడ ప్రెసిడెంటు రోజూ అడుగుతున్నాడు. మూడోసారి బయల్దేరినప్పుడు బుచ్చయ్యగారు కార్లో నాకు గట్టిగా చెప్పారు: "ఈసారి ఏదిచ్చినా తీసుకోవద్దు. చేతిలో సీసా ఉంటే నేను చెప్పలేను."

ఈసారి వాల్ట్ లేపబోతే రెండడుగులు వెనక్కి వేశారు. చేతులు పక్కలకు ఆనించుకుని, చెప్పాల్సింది మూడు వాక్యాల్లో చెప్పారు. తర్వాత వంగారు. అంతలా వంగడం నేను ఫోన్ల దగ్గర కూడా చూడలేదు. అలాగే ఉండిపోయారు. మిషన్లు నడుస్తున్నాయి. పనివాళ్లు చూస్తున్నారు. వాల్ట్ నావైపు చూశాడు, ఏం చేయాలి అన్నట్టు. నాకూ తెలియదు. చివరికి వాల్ట్ టోపీ తీశాడు. ఆ పొట్టతో ఎంత వంగగలడో అంత వంగాడు. ఇద్దరి తలలూ దాదాపు తగిలాయి.

"సరే," అన్నాడు లేచాక, మొహం ఎర్రబడి. "మరి నేనిప్పుడు ఎవరికి అమ్ముకోను?"

బుచ్చయ్యగారు గాలి పీల్చారు. అంత సాగిన పీల్పు నేను వినలేదు. అయిపోయిందనుకున్నాను. "రెండు వారాలు టైమివ్వండి," అన్నారు.

పార్క్ అని ఒకాయన, కొరియా కంపెనీలో కొనుగోళ్లు చూసేవాడు. ప్రింటర్లు చేసే కంపెనీ, మాకు బద్ధశత్రువు. ఎగ్జిబిషన్లలో ఎనిమిదేళ్లుగా ఎదురుపడుతూ తల ఊపుకోవడమే తప్ప ఇద్దరూ మాట్లాడుకోలేదు. బుచ్చయ్యగారు ఆయనకి ఫోన్ చేశారు. ఫోర్ట్ లీలో ఒక కొరియన్ హోటల్లో లంచ్‌కి కలుద్దామన్నారు. బీరు సంగతి కనుక్కోలేదు. ఆయన గుంపు గీత దాటబోతున్నారని అప్పుడే నాకు అర్థమైంది.

పార్క్ కొరియా బీరు తెప్పించి, రెండు చేతులతో సీసా పట్టుకుని గ్లాసులో పోశాడు. బుచ్చయ్యగారు రెండు చేతులతో గ్లాసు అందుకున్నారు. కాసేపు అందులోకి చూసి తాగేశారు. "బాగుంది," అన్నారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

పార్క్ నవ్వాడు. "మా దగ్గర మీలాగా ఎనిమిది ముద్రలుండవు. మా ఛైర్మన్‌గారి అబ్బాయి ఊఁ అంటే పది నిమిషాల్లో పనైపోతుంది."

"ఊఁహూఁ అంటే?"

"అదీ పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. సుఖం."

అప్పుడు బుచ్చయ్యగారు నాలుగొందల అక్షరాల్లో పట్టనిది మొత్తం చెప్పారు. మంచు తుపానులో మా ట్రక్కు ఆగిపోతే, వాల్ట్ సొంత పికప్‌కి ట్రైలర్ తగిలించుకుని, ఓడ కదిలే లోపల నెవార్క్ రేవుకి రోలర్లు చేర్చిన వైనం. దానికి వాల్ట్ ఎక్స్‌ట్రా ఏమీ అడగలేదన్న సంగతి.

"ఇంత మంచివాడైతే మీరెందుకు వదులుకుంటున్నారు?" అన్నాడు పార్క్.

"యాభై ఎనిమిది మార్కులొచ్చాయి."

"ఎవరు వేశారు ఆ మార్కులు?"

బుచ్చయ్యగారు నావైపు చూడలేదు. నేను మాత్రం కిమ్చీ పచ్చడి గిన్నెలోకి చాలా శ్రద్ధగా చూశాను.

నెల తిరక్కుండా వాల్ట్‌కి కొరియా కంపెనీ ఆర్డరు వచ్చింది. మేమిచ్చేదాంట్లో సగమే. ఫ్యాక్టరీలో మూడు మిషన్లకు రెండే తిరిగాయి. కానీ తిరిగాయి. మా ప్రెసిడెంటుకి ఆ కబురు చేరడానికి ఇంకో నెల పట్టింది. బుచ్చయ్యగారిని లోపలికి పిలిచాడు. తలుపు మూశారు, తెరిచారు. ఎవరి గొంతూ పెరగలేదు. వారం తర్వాత ఆయన హోదా 'సలహాదారు' అయింది, బల్ల కిటికీ పక్కకి మారింది. మన ఆఫీసుల్లో కిటికీ పక్క సీటంటే పోట్లాడుకుంటాం. వాళ్ల దగ్గర, ఇక నీకు పనేమీ లేదు అని చెప్పే పద్ధతి అది. ఆయన్ని సలహా అడగడానికి ఎవరూ రాలేదు. పార్కింగ్ లాట్ కనబడుతుండేది కాబట్టి, ఎవరి కారు లైట్లు ఆర్పలేదో లేచొచ్చి మర్యాదగా చెప్పి వెళ్లేవారు.

తర్వాత వంతు నాదే. కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే కంపెనీలు కూడా సరుకిచ్చేవాళ్ల కిందే లెక్కట. నేను రాసిన ప్రోగ్రామే మా కన్సల్టింగ్ కంపెనీకి యాభై ఒకటి వేసింది. నా వీసా ఆ కన్సల్టింగ్ కంపెనీ చేతిలో ఉంది. కొత్త ప్రాజెక్టు వెంటనే దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే.

ఆ సంగతి తెలిసి బుచ్చయ్యగారు తన విజిటింగ్ కార్డుల పెట్టె తీశారు. వారం రోజులపాటు మధ్యాహ్నాలు నన్ను వెంటబెట్టుకుని చుట్టుపక్కల ఆఫీసులన్నీ తిరిగారు. అపాయింట్‌మెంట్ లేకుండా అమెరికాలో ఎవరూ కలవరని చెప్పి చూశాను. "అందుకే మనం స్వయంగా వెళ్లాలి," అన్నారు. ప్రతిచోటా రిసెప్షన్‌లో కార్డు రెండు చేతులతో ఇచ్చి వంగేవారు. ప్రతిచోటా నవ్వి పంపేసేవారు.

ఆఖరిది మోరిస్‌టౌన్‌లో ఒక బీమా కంపెనీ. అక్కడ డగ్ అనే మేనేజర్ కాఫీ కోసం లాబీలోకి వచ్చి మా చేతికి చిక్కాడు. బుచ్చయ్యగారు అతనికి కార్డు ఇచ్చి, "ఈమె మా దగ్గర పనిచేశారు. నలభై అక్షరాల గడిని నాలుగొందలు చేశారు," అని పరిచయం చేశారు. డగ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కార్డు జేబులో వేసుకుని, కాఫీతో లిఫ్ట్ ఎక్కేశాడు.

నిజానికి అదే కంపెనీకి నేను పది రోజుల ముందు ఆన్‌లైన్‌లో అప్లై చేశాను. ఇంటర్వ్యూ మంగళవారానికి ఫిక్స్ అయింది కూడా. అక్కడికి వెళ్తూ కార్లోనే ఆయనకి చెబుదామనుకున్నాను. చూస్తే, అద్దంలోకి చూసుకుంటూ తల దువ్వుకుంటున్నారు. చెప్పలేకపోయాను. ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసి చెబితే అవతల గ్లాసు కిందపెట్టిన చప్పుడు, తర్వాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. వంగి ఉంటారు.

ఆ ఏడాదే ఆయన రిటైరై జపాన్ వెళ్లిపోయారు. డిసెంబర్‌లో డగ్ నన్ను తన గదికి పిలిచాడు. బల్ల మీద అందంగా చుట్టిన రేకు డబ్బా. లోపల మన చెక్కల్లాంటి బియ్యప్పిండి అప్పాలు.

"పద్మా, ఎవరీయన? 'పదోమా-సాన్ విషయంలో మీరు చేసిన మేలుకి' అంటున్నాడేంటి? నువ్వు వెబ్‌సైట్‌లో కదా అప్లై చేశావు?"

"అవును. దయచేసి ఆయనకి రాసేటప్పుడు ఆ మాట రాయకు."

డగ్ రాయలేదు. 'ఆమె బాగా పనిచేస్తోంది' అని రాసి, తిరుగు టపాలో ఒక ఫ్రూట్ కేక్ పంపాడు. మరుసటి ఏడాది డబ్బా కొంచెం పెద్దదైంది. డగ్ కేకు కూడా పెద్దదైంది. ఆ తర్వాత నవంబర్ రాగానే డగ్ నా బల్ల దగ్గరకొచ్చి, "ఈసారి ఏం పంపితే బావుంటుంది?" అని గుసగుసగా అడగడం అలవాటైపోయింది.

నాలుగేళ్ల తర్వాత మేం వేరే రాష్ట్రంలో ఉన్న ఆష్‌బర్న్‌కి మారాం. ఆ ఉద్యోగం వదిలేశాను. ఇక ఆ డబ్బాలకి అర్థం లేదు కదా, పెద్దాయనకి శ్రమెందుకని జపాన్‌కి ఫోన్ చేశాను.

పళ్ల మధ్యనుంచి గాలి పీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత అడిగారు: "డగ్-సాన్ ఏమైనా తప్పు చేశారా?"

"లేదు సర్. ఆయన చాలా మంచివాడు. నేనే మానేశాను."

"అయితే డబ్బా ఎందుకు ఆపాలి?" అన్నారు, నిజంగా అర్థం కానట్టు. "కంపెనీ మారింది మీరు, పదోమా-సాన్. ఆయనకీ నాకూ మధ్య ఏమీ మారలేదు."

ఆ డిసెంబర్‌లో క్రిస్మస్‌కి రెండు వారాల ముందు డగ్ నాకు ఫోన్ చేశాడు. డబ్బా వచ్చిందా అని అడిగాను.

"ఇంకా రాలేదు," అన్నాడు, గొంతులో సంతోషం దాచుకోలేక. "ఈసారి నేనే ముందు పంపేశాను."